డ్రిప్పు పుట్టిన ఊళ్లో

మా అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోట ఉన్న రైతుతో ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు, లేటరల్ పైపు, సబ్‌మెయిన్, శాండ్ ఫిల్టరు, వెంచురీ అన్న డ్రిప్పు (బిందు సేద్యం) మాటలు వరుసగా వచ్చేస్తాయి. ఇరవై ఏళ్ల కిందట ఈ మాటలు ఎవరికీ తెలియవు. ఇప్పుడు ఎరువు ఎప్పుడు వదలాలో, యాసిడ్ ఎంత పట్టించాలో, ఎలుక కొరికిన పైపును ఎలా అతకాలో బడికి వెళ్లే పిల్లవాడికి కూడా తెలుసు. ఉద్యోగమంతా సూక్ష్మసేద్యం పనుల్లోనే గడిపినవాడిని కాబట్టి, ఈ నల్ల డ్రిప్పు పైపు పుట్టిన ఊరిని ఒకసారి కళ్లారా చూడాలని నాకు చాలా కాలంగా కోరిక. 2019 ఫిబ్రవరిలో అది తీరింది. మా ఆవిడ చర్చి బృందంతో కలిసి యెరూషలేము యాత్రకు వెళ్లినప్పుడు, బృందం మృత సముద్రం వైపు బయలుదేరిన రోజున నేను సెలవు పుచ్చుకొని దక్షిణానికి బస్సెక్కాను.

ఆ ఊరి పేరు హత్సెరిమ్. ఇజ్రాయెల్ దక్షిణాన నెగెవ్ ఎడారి ఉత్తరపు అంచున, బేర్‌షెవా పట్టణానికి పడమరగా కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న కిబ్బుట్జ్, అంటే ఆస్తి, పని, సంపాదన ఉమ్మడిగా పంచుకునే పల్లె. తెలుగు బైబిలు చదివినవాళ్లకు బేర్‌షెవా కొత్త ఊరు కాదు. 'దాను మొదలుకొని బెయేర్షెబా వరకు' అని దేశపు రెండు పొలిమేరలను చెప్పే చోట వచ్చే ఊరే అది. అబ్రాహాము బావి తవ్వించి, ఆ బావి కోసం ప్రమాణం చేయించుకున్న చోటు. నీళ్ల తగాదా అక్కడ ఆదికాండమంత పాతది.

యెరూషలేము కొండలు దిగేదాకా దారి పక్కన పైన్ చెట్లు. ఆ తర్వాత నేల తెరుచుకుంటుంది. బస్సు నిండా సెలవు ముగించుకొని శిబిరాలకు తిరిగి వెళుతున్న సైనికులు. ఇరవై ఏళ్లు కూడా నిండని అమ్మాయిలు, అబ్బాయిలు ఒళ్లో తుపాకులు పెట్టుకొని నిద్రపోతున్నారు. కిటికీ బయట గోధుమ చేలు పచ్చగా ఉన్నాయి, వాటి గట్ల మీద ఎర్రటి ఎనిమొనీ పూలు విరగబూశాయి. ఎడారి అంటే ఇసుక దిబ్బలు ఊహించుకునేవాళ్లు ఫిబ్రవరిలో ఇక్కడికి వస్తే ఆశ్చర్యపోతారు. ఈ పచ్చదనం కొద్ది వారాలదే. బేర్‌షెవాలో ఏడాదికి కురిసే వాన సుమారు 200 మిల్లీమీటర్లు, అదీ చలికాలంలోనే. వానలు లేని జిల్లా అని పేరు పడిన మా అనంతపురానికి సగటున 550 మిల్లీమీటర్లు వస్తాయి. ఈ రెండు అంకెలను మా రైతు శిక్షణ తరగతుల్లో నేను ఎన్నోసార్లు బోర్డు మీద పక్కపక్కన రాశాను. ఆ నేలను స్వయంగా చూస్తుంటే మాత్రం గుండె వేగంగా కొట్టుకుంది.

బేర్‌షెవా బస్టాండు దగ్గర నా కోసం ఒక పెద్దాయన కారుతో ఎదురుచూస్తున్నారు. మా శాఖకు ఒకప్పుడు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఇంజినీరు ద్వారా పరిచయమైన కిబ్బుట్జ్ సభ్యుడు ఆయన. డెబ్బై దాటాయి. పని చేసిన కాలంలో ఎక్కువ భాగం పైపుల ఫ్యాక్టరీలో గడిపారు. కారు ఎక్కగానే ఆయన చెప్పిన మొదటి సంగతి, అది తన కారు కాదని. కిబ్బుట్జ్‌కు ఉమ్మడిగా కొన్ని కార్లు ఉంటాయి. ఎవరికి ఎప్పుడు కావాలో ముందుగా కంప్యూటర్‌లో నమోదు చేసుకోవాలి. తిరిగి తెచ్చాక తాళం పెట్టెలో వేయాలి. "నాకు సొంత కారు ఎప్పుడూ లేదు, ఉండాలని అనుకోలేదు కూడా" అన్నారు, మా ఊళ్లో ఒక మనిషి తనకు పొగాకు అలవాటు లేదని చెప్పేంత మామూలుగా.

పసుపు రంగు గేటు దాటగానే చెట్ల నీడ కమ్మేసింది. బయటి నేలకూ లోపలి నేలకూ పోలికే లేదు. పచ్చిక, పూల పొదలు, చిన్న చిన్న ఇళ్లు, ఇళ్ల మధ్య కాలిబాటలు, ప్రహరీ గోడలు లేవు. ప్రతి పొద కింద నల్ల పైపు. పక్కనే వైమానిక స్థావరం ఉండడంతో అప్పుడప్పుడు యుద్ధ విమానాల హోరు మాటలను మింగేస్తుంది. ఆయన మాట ఆపి, శబ్దం పోయాక ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకునేవారు.

ఈ ఊరు పుట్టిన తేదీతో పాటు రాత్రి కూడా ఇక్కడివాళ్లకు గుర్తు. 1946 అక్టోబరు 5, యూదుల ప్రాయశ్చిత్తార్థ దినపు ఉపవాసం ముగిసిన రాత్రి. అప్పటికి పాలస్తీనా బ్రిటిష్ పాలనలో ఉంది. యూదులు భూమి కొనడం మీద, కొత్త ఊళ్లు కట్టడం మీద కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. దేశాన్ని పంచే ప్రతిపాదనలు బల్ల మీదికి వస్తున్నాయి. ఆ ఏడాది జులైలో వచ్చిన ఒక ప్రతిపాదన నెగెవ్‌ను యూదుల భాగం నుంచి తప్పించింది. మనుషులు కాపురం ఉంటేనే ఆ నేల తమ లెక్కలోకి వస్తుందని యూదు నాయకత్వం భావించింది. ఒకే రాత్రి లారీల్లో చెక్క గదులు, ముళ్ల తీగ, నీళ్ల పీపాలు వేసుకొని బయలుదేరి, తెల్లవారేసరికి నెగెవ్‌లో పదకొండు చోట్ల ఊళ్లు నిలబెట్టారు. అందులో హత్సెరిమ్ ఒకటి.

వచ్చినవాళ్లు ఎవరు? కొందరు ఆ దేశంలోనే పెరిగిన స్కౌట్ ఉద్యమపు పిల్లలు. మరికొందరు 'టెహరాన్ పిల్లలు'. వీళ్ల కథ వింటుంటే నాకు మాట రాలేదు. పోలండ్ మీద జర్మనీ దాడి చేసినప్పుడు సోవియట్ వైపు పారిపోయిన యూదు కుటుంబాల్లోని పిల్లలు వీళ్లు. చాలామంది దారిలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. మధ్య ఆసియా మీదుగా ఇరాన్ చేరి టెహరాన్ శిబిరంలో ఉన్నారు. ఇరాక్ దారి ఇవ్వకపోవడంతో వాళ్లను ఓడలో అప్పటి మన కరాచీకి తెచ్చి, అక్కడి నుంచి సూయజ్ మీదుగా 1943 ఫిబ్రవరిలో పాలస్తీనాకు చేర్చారు. ఆ మొదటి విడతలోనే 700 మందికి పైగా పిల్లలు. అలా పెరిగిన వాళ్లలో కొందరు పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో ఈ బీడులో గుడారం వేశారు. అమ్మానాన్నలు లేని పిల్లలకు ఉమ్మడి వంటిల్లు, ఉమ్మడి ఖజానా ఎందుకంత సహజంగా కుదిరాయో నేను పుస్తకాల్లో చదివినప్పటికన్నా అక్కడే బాగా అర్థం చేసుకున్నాను.

ఈ కథకు ఇంకో వైపు ఉంది, అది చెప్పకుండా నేను ముందుకు వెళ్లలేను. ఈ నేల మీద అప్పటికే బెదూయిన్లు ఉన్నారు. గొర్రెలు, ఒంటెలు మేపుకుంటూ, వాన పడిన ఏట బార్లీ చల్లుకుంటూ తరాలుగా బతికారు. 1948 యుద్ధంలో, దాని తర్వాత వాళ్లలో అత్యధికులు పారిపోయారు లేదా వెళ్లగొట్టబడ్డారు. నెగెవ్‌లో మిగిలింది దాదాపు 11,000 మందే. వాళ్లలో కూడా చాలామందిని బేర్‌షెవాకు తూర్పున, ఈశాన్యాన గీత గీసిన ప్రాంతంలోకి తరలించారు. ప్రభుత్వ గుర్తింపు లేని బెదూయిన్ పల్లెలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాటికి కరెంటు లైను, నీటి పైపు సక్రమంగా అందవు. మేం బస్టాండు నుంచి వచ్చే దారిలో దూరంగా రేకుల ఇళ్లు కనిపిస్తే, పెద్దాయనే చూపించి చెప్పారు. ఆ విషయం దాటవేయనందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఊరు నిలబడింది గాని పంట నిలబడలేదు. నేల చూడడానికి మెత్తగా, పసుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. గాలి మోసుకొచ్చిన సన్నని ధూళి వేల ఏళ్లుగా పేరుకున్న నేల అది. వాన చినుకు తగలగానే పైన పెచ్చు కట్టేస్తుంది, నీరు లోపలికి దిగకుండా జారిపోతుంది. పైగా ఉప్పు. తొలి ఏళ్లలో ఏది నాటినా కొన్నాళ్లు పచ్చగా లేచి, ఆకు అంచులు మాడి కూలిపోయేది. అది ఉప్పు చేసే పని అని అనంతపురం, కర్నూలు చవిటి నేలలు తెలిసిన ఎవరైనా చెప్పగలరు. ఊరు వదిలి ఇంకో చోటికి పోదామా అనే ప్రశ్న 1950ల చివర్లో సభ్యుల సభ ముందుకు వచ్చింది. ఉండాలనే నిర్ణయించుకున్నారు. నీళ్లు పెట్టి మట్టిలోని ఉప్పును కిందికి కడిగే పని చేపట్టారు. నీళ్లు లేని చోట నేలను కడగడానికి నీళ్లు పోయడం ఎంత కష్టమైన నిర్ణయమో ఆలోచించండి.

వ్యవసాయం ఒక్కటే నమ్ముకుంటే లాభం లేదని ఆ అనుభవం నేర్పింది. 1960ల్లో వాళ్లు ఫ్యాక్టరీ కోసం వెతకడం మొదలుపెట్టారు. ఆ పని భుజాన వేసుకున్న సభ్యుడు ఉరి వెర్బర్. ఆయన వెతికిన తీరే నాకు ఈ యాత్ర మొత్తంలో అన్నిటికన్నా విలువైన విషయం. ఎంత లాభం వస్తుంది అనే ప్రశ్న తర్వాత. కూలీలను పెట్టుకోకుండా మా చేతులతోనే నడపగలమా? పొలానికి వెళ్లలేని వయసు మళ్లినవాళ్లు కూడా ఆ పని చేయగలరా? మొదటి ప్రశ్నలు అవి. ఒకరి శ్రమ మీద ఇంకొకరు లాభం తీయడం తప్పు అనేది కిబ్బుట్జ్ ఉద్యమపు మూల నియమాల్లో ఒకటి. యజమాని, కూలి అనే తేడా ఊళ్లోకి రాకూడదు. అందుకే తక్కువ చేతులతో, ఎక్కువ యంత్రంతో నడిచే పని కావాలి.

అప్పుడు దొరికినవాడు సింహా బ్లాస్. ఇజ్రాయెల్ నీటి ఇంజినీర్లలో పెద్ద తలకాయ. జాతీయ నీటి సంస్థ మెకొరోట్ స్థాపకుల్లో ఒకరు. 1947లో నెగెవ్ ఊళ్లకు మొదటి నీటి పైపులైను వేయించింది ఆయనే. దానికి వాడిన ఇనుప పైపులు లండన్‌లో యుద్ధ కాలపు బాంబు దాడుల మంటలార్పడానికి పరిచినవి, యుద్ధం ముగిశాక కొని తెచ్చారు. బ్లాస్ మనసులో 1930ల నాటి ఒక దృశ్యం ఉండిపోయింది. ఎవరూ నీళ్లు పెట్టని ఒక చెట్టు చుట్టుపక్కల చెట్లన్నిటికన్నా ఏపుగా పెరిగింది. తవ్వి చూస్తే దగ్గర్లోని పైపు అతుకు నుంచి నీరు చుక్క చుక్కగా కారుతోంది. ఆ ఆలోచన ప్లాస్టిక్ వచ్చేదాకా అలాగే ఉండిపోయింది. పదవుల నుంచి తప్పుకున్నాక కొడుకు యెషయాహుతో కలిసి దాని మీద పని చేశారు. 1965లో హత్సెరిమ్‌తో ఒప్పందం కుదిరింది. నెటాఫిమ్ అనే డ్రిప్పు కంపెనీ పుట్టింది. మరుసటి ఏడాదికల్లా ఉత్పత్తి మొదలైంది.

పాత డ్రిప్పర్ ఒకటి నా చేతిలో పెట్టారు. ఇది నేను తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే రైతులకు నేను జీవితమంతా వివరించింది దీన్నే. చుక్క చుక్కగా నీరు రావాలంటే ఎవరికైనా మొదట తట్టేది పైపుకు సూదిమొనంత రంధ్రం పెట్టడం. ఆ రంధ్రం ఇసుక రేణువు పడినా మూసుకుపోతుంది. బ్లాస్ చేసిన పని వేరు. నా చేతిలో ఉన్నది బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. లోపల మరలాగా చుట్టిన సన్నని కాలువ. గోరుతో ఆ గాడి వెంట గీస్తూ పోతే చుట్లు ముగియడానికి చాలాసేపు పట్టింది. నీరు ఆ మెలికల దారి పొడవునా గోడలకు రాసుకుంటూ పోవడంతో దాని ఒత్తిడి తగ్గిపోతుంది, చివరికి చుక్కగా బయటపడుతుంది. దారి పొడవైనది కాబట్టి కాస్త వెడల్పుగా ఉన్నా సరిపోతుంది, త్వరగా మూసుకుపోదు. ఇప్పటి డ్రిప్పర్లలో మర పోయి రంపపు పళ్ల లాంటి వంకర దారి వచ్చింది. ఏటవాలు నేలలో ఎత్తున ఉన్న చెట్టుకూ పల్లంలో ఉన్న చెట్టుకూ సమానంగా నీరందేలా లోపల రబ్బరు పొర చేరింది. గంటకు రెండు లీటర్లు, నాలుగు లీటర్లు అని మా రైతులు అంటారే, ఆ లెక్క కుదిరేది ఆ వంకర దారిలోనే.

ఫ్యాక్టరీని అద్దాల వెనక నుంచి చూశాను. ప్లాస్టిక్ గింజలు కరిగి, వేడి వేడి పైపుగా సాగి బయటికి వస్తుంటాయి. కొలత ప్రకారం ఒక్కో డ్రిప్పర్ లోపల అతుక్కుంటుంది. పైపు నీళ్ల తొట్టిలో చల్లారి, రంధ్రం పడి, చుట్టగా చుట్టుకుంటుంది. అంత పెద్ద హాలులో మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. "మా తాత్విక నియమానికి తగ్గ యంత్రం ఇది" అన్నారు పెద్దాయన. తొలి రోజుల్లో ఉపాధ్యాయులు, వంటవాళ్లు, పొలం పని చేసేవాళ్లు అందరూ వంతులవారీగా రాత్రి పాళీల్లో యంత్రాల దగ్గర నిలబడ్డారట.

గిరాకీ పెరిగాక చిక్కు వచ్చింది. అంతకంతకు యంత్రాలు పెంచాలంటే సభ్యులు సరిపోరు. బయటి కూలీలను తెస్తే నియమం పోతుంది. మరో వ్యాపారి అయితే క్షణం ఆలోచించడు. హత్సెరిమ్ తన లాభాన్ని పంచుకోవడానికి సిద్ధపడింది. 1974లో మగాల్ అనే కిబ్బుట్జ్, 1979లో ఉత్తరాన ఉన్న యిఫ్తాహ్ నెటాఫిమ్ ఉత్పత్తిలో భాగస్వాములయ్యాయి. కూలి మనిషిని పెట్టుకోవడం కన్నా వాటాదారుణ్ని తెచ్చుకోవడం మేలనుకున్నారు. నెటాఫిమ్ పెరిగిన తీరు గురించి మాకు శిక్షణలో చెప్పిన పాఠాల్లో నీటి పీడనం, ప్రవాహం లెక్కలన్నీ ఉన్నాయి, ఈ సంగతి లేదు. నా దృష్టిలో ఇదే ఆ పాఠానికి తలకాయ.

కాలం గడిచాక నియమం సడలింది. ప్రపంచమంతా అమ్మే కంపెనీ ఒక పల్లె మనుషులతోనే నడవదు కదా. ఇప్పుడు ఫ్యాక్టరీలో బయటి నుంచి వచ్చే ఉద్యోగులు ఉన్నారు. 2011లో పెర్మిరా అనే పెట్టుబడి సంస్థ మెజారిటీ వాటా కొన్నది. 2017లో మెక్సికోకు చెందిన మెక్సికెమ్, కంపెనీ మొత్తం విలువను దాదాపు 190 కోట్ల డాలర్లుగా లెక్కగట్టి 80 శాతం కొనడానికి ఒప్పందం చేసుకుంది. మిగిలిన 20 శాతం హత్సెరిమ్ తన దగ్గరే ఉంచుకుంది. ఇజ్రాయెల్‌లో ఉత్పత్తి ఇంకో 20 ఏళ్లు కొనసాగాలనే షరతు కూడా పెట్టారు. చవిటి నేల వదిలి పోదామా అని చర్చించుకున్న ఊరి కథ అక్కడిదాకా వచ్చింది.

డబ్బు వచ్చాక సమానత్వం ఏమైంది? నేను అడగాలనుకున్న ప్రశ్న ఇదే. దేశంలో దాదాపు 270 కిబ్బుట్జులు ఉంటే వాటిలో అత్యధిక భాగం సమాన జీతం పద్ధతిని వదిలేశాయి. దానికి కారణం 1980ల సంక్షోభం. 1984లో ఇజ్రాయెల్‌లో ధరల పెరుగుదల 400 శాతం దాటింది. 1985లో ప్రభుత్వం కట్టడి చేయగానే వడ్డీలు విపరీతంగా పెరిగి, అప్పు చేసి ఫ్యాక్టరీలు, ఇళ్లు కట్టిన కిబ్బుట్జులు మునిగిపోయాయి. ప్రభుత్వం, బ్యాంకులు కలిసి అప్పుల మాఫీ ఒప్పందాలు చేయాల్సి వచ్చింది. పిల్లలు చదువుకొని పట్టణాలకు వెళ్లిపోయారు. గలిలయ సముద్రం పక్కన 1910లో పుట్టిన మొట్టమొదటి కిబ్బుట్జ్ దెగానియా కూడా 2007లో ఎవరి సంపాదన వారిదే అనే పద్ధతికి మారింది. హత్సెరిమ్ మారలేదు. ఫ్యాక్టరీ మేనేజరుకూ, చాకిరేవు యంత్రాలు నడిపే ఆవిడకూ ఇంటి ఖర్చుల కింద వచ్చే భత్యం ఒకే లెక్క. కుటుంబంలో మనుషుల సంఖ్యను బట్టి తేడా. బయట ఉద్యోగం చేసే సభ్యుల జీతం నేరుగా ఉమ్మడి ఖజానాకు వెళుతుంది. చదువు, వైద్యం, ఇల్లు ఉమ్మడి బాధ్యత. పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా పిల్లల ఇంట్లో పడుకోబెట్టే పాత పద్ధతి మాత్రం మిగతా కిబ్బుట్జుల్లాగే ఇక్కడా పోయింది. దాన్ని తలచుకుని బాధపడేవాళ్లు ఎవరూ నాకు కనిపించలేదు.

"ఆస్తి ఉంది కాబట్టి సమానంగా ఉండగలిగారా, సమానంగా ఉన్నారు కాబట్టి ఆస్తి నిలిచిందా?" అని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, రెండూ నిజమే గాని మొదటిది ఒప్పుకోవడం తమవాళ్లకు కష్టం అన్నారు.

మధ్యాహ్నం భోజనం ఉమ్మడి భోజనశాలలో. సన్నగా తరిగిన దోసకాయ, టమాటా ముక్కలు, నువ్వుల ముద్ద కలిపిన శనగల తొక్కు, కోడి మాంసం, అన్నం. ఎవరి పళ్లెం వాళ్లే తెచ్చుకొని, తిన్నాక వాళ్లే తీయాలి. అక్కడ వెనక బల్ల దగ్గర నుంచి తెలుగు వినిపించింది. ఒకావిడ ఫోనులో ఎవరినో "జ్వరం తగ్గిందా" అని అడుగుతోంది. పక్కన చక్రాల కుర్చీలో బాగా వయసు మళ్లిన అవ్వ. నేను పలకరించగానే ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరు తెలుగువారా బాబాయ్ గారూ? ఈ ఊళ్లో తెలుగు మాట విని ఎన్నాళ్లయిందో!" కోనసీమలో అమలాపురం దగ్గర ఊరు. ఏజెంటుకు లక్షల్లో కట్టి వచ్చింది. ఇద్దరు పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉన్నారు. ఇజ్రాయెల్ అంతటా ఇళ్లల్లో వృద్ధులను చూసుకునే మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వీళ్ల అనుమతి మామూలుగా ఐదేళ్ల మూడు నెలలు. చూసుకుంటున్న పెద్దవారు బతికి ఉంటే పొడిగింపు దొరుకుతుంది. ఆ అవ్వ ఊరు పుట్టినప్పటి తరం మనిషి. అమ్మాయి ఆమెకు చెంచాతో పెరుగు తినిపిస్తూ నాతో మాట్లాడింది. "అవ్వ మంచిదండీ. నేను కూర్చోకపోతే తను తినదు. తొలి రోజుల్లో నేను పక్కన నిలబడితే కోప్పడేది, నువ్వు పనిమనిషివి కాదు, కూర్చో అని."

నేను పెద్దాయన వైపు చూశాను. అడగకుండానే ఆయనకు అర్థమైంది. "మా వృద్ధులను ఎవరు చూసుకోవాలన్న విషయం మీద చాలా గొడవపడ్డాం. సభ్యులే చూసుకోవాలని పట్టుబట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని. మా పిల్లల్లో ఎవరూ ముందుకు రాలేదు" అన్నారు. ఆ అమ్మాయికి ఆ ఖజానాలో వాటా లేదు, సభలో ఓటు లేదు. ఆ పూట ఆమెతో మాట్లాడాక, ఈ సమానత్వాన్ని నేను ఎంతగా అభిమానిస్తున్నా దాని సరిహద్దు ఎక్కడుందో నాకు స్పష్టంగా కనిపించింది. ఆమె ఇంటి ఫోను నంబరు తీసుకొని, అనంతపురం చేరాక వాళ్లమ్మగారితో మాట్లాడి క్షేమ సమాచారం చెప్పాను.

భోజనం తర్వాత జొజోబా తోట చూడటానికి వెళ్లాం. అమెరికా నైరుతి ఎడారుల నుంచి తెచ్చిన మొక్క ఇది. ఆకులు బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ, తోలులా మందంగా, ఎండను తప్పించుకోవడానికి నిటారుగా నిలబడి ఉంటాయి. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. గింజ ఎండాక నేల రాలుతుంది, యంత్రాలతో ఊడ్చి ఎత్తుకుంటారు. వేరుశనగ గింజంత ఉన్న ఒక పాత గింజను రాయితో నలిపి వేళ్ల మధ్య రాస్తే జిడ్డు అంటింది, వాసన దాదాపు లేదు. గింజ బరువులో సగం దాకా ఈ ద్రవమే. నూనెలా కనిపించే మైనం అన్నమాట. చర్మానికి రాసుకునే క్రీముల తయారీకి ప్రపంచమంతా వెళుతుంది. ప్రతి వరుస కిందా డ్రిప్పే. నేను వంగి ఒక చోట మట్టి గీరి చూశాను. పైన పొడి, రెండు అంగుళాల కింద తడి ఉల్లిపాయ ఆకారంలో పరుచుకొని ఉంది. మా చీనీ చెట్ల కింద రైతులకు నేను ఎన్నిసార్లు తవ్వి చూపించానో ఆ ఆకారం!

గట్టు మీద కూర్చున్నప్పుడు ఆయన మా జిల్లా గురించి అడిగారు. 1990ల చివర్లో కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం ప్రదర్శన క్షేత్రం వచ్చిన సంగతి, 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మసేద్య పథకం మొదలై సబ్సిడీతో లక్షల ఎకరాలకు డ్రిప్పు చేరిన సంగతి చెప్పాను. చీనీ తోటలు, టమాటా, దానిమ్మ, అరటి డ్రిప్పు లేకపోతే మా జిల్లాలో ఉండేవే కావు. ఆయన ముఖం వెలిగింది. మరి భూగర్భ జలం పెరిగిందా అని అడిగారు. లేదన్నాను.

ఎందుకో ఆయనకు అర్థం కాలేదు, వివరించాను. ఇజ్రాయెల్‌లో 1959 నీటి చట్టం ప్రకారం నీరంతా ప్రజల ఆస్తి. భూమి మీదే అయినా కింది నీరు మీది కాదు. ప్రతి కిబ్బుట్జ్‌కు కోటా ఉంటుంది, ప్రతి పైపుకు మీటరు ఉంటుంది. పొలాలకు వాడే నీటిలో పెద్ద భాగం పట్టణాల మురుగును శుద్ధి చేసి పంపినదే. కాబట్టి అక్కడ డ్రిప్పు పెడితే మిగిలిన నీరు మిగిలినట్టే లెక్క. మా దగ్గర బోరు ఎవరి పొలంలో ఉంటే నీరు వారిది. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. అప్పటికి మా బోర్లకు మీటర్లు లేవు. డ్రిప్పు పెట్టగానే ఉన్న నీటితో ఇంకో రెండు ఎకరాలు సాగవుతాయి, రైతు చెట్లు పెంచుతాడు. పక్క రైతు కూడా పెంచుతాడు. వెయ్యి అడుగుల బోర్లు వేసి, ఎండిపోయి, అప్పుల పాలైనవాళ్లను నేను ఇళ్లకు వెళ్లి పరామర్శించాను. రైతును నేను ఒక్క మాట అనను. ఒంటరిగా ఉన్నవాడికి ఇంకో బోరు వేయడం తప్ప వేరే దారి ఎవరు చూపించారు? పైపు మా దాకా వచ్చింది. ఆ పైపు వెనక ఉన్న సభ, కోటా, కట్టుబాటు రాలేదు.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ ఊళ్లల్లో సభ కుదరదా?" అని అడిగారు. కుదిరిన చోట్లు ఉన్నాయని చెప్పాను. అనంతపురం జిల్లాలో కొన్ని ఊళ్లల్లో రైతులు తమ బోర్లను పైపులతో ఒకదానికొకటి కలుపుకున్నారు. బోరు ఉన్నవాడు లేనివాడికి ఒక తడి ఇస్తాడు. అందుకు బదులుగా అందరూ కొన్నేళ్లపాటు కొత్త బోరు వేయకూడదని ఒప్పందం రాసుకుంటారు. ఉమ్మడి నీరు కాబట్టి వరి మానేసి వేరుశనగ, కంది, చిరుధాన్యాలు వేసుకుంటారు. డ్రిప్పో, తుంపర సేద్యమో తప్పనిసరి. ఇది చెబుతుంటే ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. నేను మట్టిలో పుల్లతో ఒక గుంపు బోర్ల పైపు పటం గీసి చూపించాను. ప్రధాన పైపు ఎలా వెళుతుందో, వాల్వులు ఎక్కడో, ఏ రోజు ఎవరి వంతో.

ఇంటికి వచ్చాక అసలు పటాలు, ఫోటోలు ఆయనకు పంపాను. జవాబుగా ఆయన ప్రశ్నలు రాశారు. మోటారు కాలిపోతే ఖర్చు ఎవరు పెడతారు? చివరి పొలానికి పీడనం సరిపోతోందా? కట్టుబాటు తప్పి రాత్రికి రాత్రి బోరు వేసిన మనిషిని ఏం చేస్తారు? మొదటిదానికి ప్రతి ఎకరానికి ఇంతని నిధి ఉందని, రెండోదానికి గొట్టం సైజు మార్చాల్సి వచ్చిందని రాశాను. మూడోదానికి జవాబు ఆ ఊళ్లవాళ్లనే అడిగి రాయాలని, వచ్చే వారం అక్కడికి వెళుతున్నాను.